అమ్మ తిన్న పాచికారం

సముద్రం మా ఇంటికి మొదటిసారి రెండు తడి గోనెసంచుల్లో వచ్చింది. శనివారం సాయంత్రం. పొద్దున సౌరాష్ట్ర తీరంలో బస్సెక్కి, పగలంతా కూర్చుని, మా పేట భేస్తాన్‌లో దిగేసరికి నా జుట్టు, దుపట్టా, చేతిలో మిగిలిన బిస్కట్ ప్యాకెట్ అన్నీ ఉప్పు వాసన కొడుతున్నాయి. కాలేజీ ల్యాబ్‌కి అప్పటికే తాళం పడింది. మళ్లీ సోమవారం దాకా తియ్యరు. సంచుల్లో ఉన్నది అన్నాళ్లు ఆగేది కాదు, కుళ్లిపోతుంది. అందుకని ఇంటికే మోసుకొచ్చాను.

అమ్మ గుమ్మంలోనే ఆపింది. ఆమె చుట్టూ రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చిన చీరల కట్టలు. చీర వెనకవైపు వేలాడే దారాలను కత్తిరించి ఇవ్వడం ఆమె పని.

"ఏంది బిడ్డా గిది? గీ వాసనేంది?"

"సముద్రపు పాచి అమ్మా. నా చదువుకు."

"చదువుకు పుస్తకాలు గావాలె గని పాచెందుకే? మేమైతే బాయి గోడకు పట్టిందాన్ని గీకి పారేస్తం."

నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. వెచ్చటి సముద్రాల్లో పెరిగే పాచిలో ఏమేమి ఉంటాయి, మనిషి తింటే వాటిలో ఒంటికి పట్టేది ఎంత అన్నది నా ప్రాజెక్టు. ఇదంతా గుమ్మంలో నిలబడి చెప్పే ఓపిక లేదు. బకెట్‌లో నీళ్లు పట్టి, సంచిలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేశాను.

అప్పటిదాకా పిండిన గుడ్డలాగా ముద్దగా ఉన్నది నీళ్లలో పడగానే విచ్చుకుంది. ఆకుపచ్చ పాచి పల్చటి జార్జెట్ ముక్కలాగా పరుచుకుని, అంచుల దగ్గర సన్నగా కదలసాగింది. ఎర్రది దారం పోగులుగా విడిపోయింది. గోధుమరంగుదానికి కొమ్మకొమ్మకీ చిన్న చిన్న గాలిబుడగలు, అవి పైకి తేలి కొమ్మను నిటారుగా నిలబెట్టాయి. అమ్మ కత్తెర పక్కన పెట్టి బకెట్ దగ్గర కూర్చుంది. ఒక బుడగను రెండు వేళ్ల మధ్య పెట్టి చిట్లించింది. ఇంకొకటి చిట్లించింది. ట్యూబ్‌లైట్ వెలుగు నీళ్లమీంచి లేచి ఆమె గడ్డం కింద ఆకుపచ్చగా ఆడుతోంది. ఆ ముఖం ఎంత పాలిపోయిందో నాకు ఆ వెలుగులో కనిపించింది.

అప్పటికి ఏడాదిగా అమ్మ ఒంట్లో బాగాలేదు. గర్భసంచిలో గడ్డలు. నెలలో పది పన్నెండు రోజులు రక్తం పోతూనే ఉండేది. మా డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది కానీ మాట మార్చదు. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి, కానీ రక్తం ఏడే ఉంది, పదికి చేరితే తప్ప నేను కత్తి పట్టను అంది. ఐరన్ గోళీలు రాసిచ్చింది. వాటిని మింగితే అమ్మకు కడుపులో తిప్పి, తిన్నదంతా బయటికి వచ్చేది. రెండు రోజులు మింగడం, నాలుగు రోజులు మానడం. రక్తం పదికి చేరేది లేదు, ఆపరేషన్ అయ్యేది లేదు. మూడో అంతస్తు మెట్లెక్కేటప్పుడు రెండుచోట్ల ఆగి గోడ పట్టుకునేది. ఎవరైనా చూస్తే చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు నటించేది.

మా అమ్మానాన్నలు సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు నడపడానికి ఈ గుజరాతీ బట్టల మిల్లుల ఊరికి వచ్చారు. సాంచా అంటే కరెంటు మగ్గం. నేను పుట్టింది, మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో అక్షరాలు దిద్దింది, ఆ తర్వాత గుజరాతీలో తిట్లు నేర్చుకున్నది అంతా ఇక్కడే. మాకు సముద్రమంటే ఊరి పక్కనున్న డుమస్ తీరం. నల్ల ఇసుక, బురద నీళ్లు, టమాటా భజియాలు, ఒంటె మీద కూర్చుని ఫోటోలు. అక్కడ పాచి ఉండదు, దానికి పట్టుకోవడానికి రాయి కావాలి. అందుకే కాలేజీలో మా ప్రాజెక్టు చూసే మేడమ్ నన్నూ ఇంకో ఇద్దరమ్మాయిల్నీ సౌరాష్ట్రకి తీసుకుపోయింది. నీళ్లు వెనక్కి తగ్గిన వేళ, తెల్లవారుతుండగా, మోకాళ్ల దాకా సల్వార్ మడిచి రాళ్ల మీద నడిచాం. రాళ్ల మధ్య మడుగుల్లో పాచి నిశ్శబ్దంగా ఊగుతోంది. ఒక్కో మడుగు దగ్గర వంగి చూస్తుంటే కిందికి చూస్తున్నానో, ఎక్కడికో లోపలికి చూస్తున్నానో తెలిసేది కాదు. మేడమ్ వెనక నుంచి, "ఫోటోలు తర్వాత, ముందు కోసుకోండి, నీళ్లు తిరిగొస్తాయి" అని అరిచేదాకా నేను లోకంలో లేను. నేను ఫోటోలు తియ్యడం లేదని చెప్పలేదు. చెప్తే ఏం చేస్తున్నావని అడిగేది.

ఆ శనివారం అసలు చిక్కు ఆరబెట్టడం. పాచిని ఎండలో పెట్టకూడదు, నీడలో ఆరాలి. మా డాబా మీద ఎలాగూ కుదరదు. చుట్టూ రంగుల మిల్లుల పొగగొట్టాలు, ఉతికిన బట్టలు ఆరేస్తే గంటలో నల్లటి నలుసులు పడతాయి. అందుకే మా వైపు ఆడవాళ్లు వడియాలు, మిరపకాయలు, వానాకాలంలో పసిపిల్లల గుడ్డలు కూడా డాబా మీద కాకుండా సాంచాల కార్ఖానాలో ఆరబెడతారు. మోటార్ల వేడికి అక్కడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. మా నాన్న, అంటే బాపు, పనిచేసే కార్ఖానాలో ఒక మూల పాత ఇనుప జాలీ ఒకటి నాలుగు ఇటుకల మీద పెట్టి ఉండేది. దానిమీద కోరా గుడ్డ పరిచి వడియాలు పెట్టడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు సంగతి. నేను పుట్టకముందు నుంచీ ఆ జాలీ అక్కడే ఉంది. నీడ ఉంది, వేడి ఉంది, ధూళి పడదు. ఇంతకంటే మంచి ల్యాబ్ ఎక్కడుంటుంది అనుకున్నాను.

పాచిని మూడు సార్లు మంచినీళ్లతో కడగాలి. నేను ఒక్కసారే కడిగాను. ట్యాంకర్ నీళ్లు, అమ్మ బిందెలకేసి చూస్తూ నిలబడింది. ఆ చూపు ముందు నా సైన్సు నిలవలేదు.

బాపు జాలీ మీద పాచి పరవడానికి సాయం చేశాడు. గోధుమరంగు పాచిని వేళ్లతో నలిపి, జిగురు సాగదీసి చూశాడు.

"గిది మా రంగుల మిల్లుల గోంద్ లెక్కనే ఉన్నదే," అన్నాడు.

ఈ ఊరొచ్చాక సాంచా పని దొరికేలోగా బాపు మూడేళ్లు ప్రింటింగ్ మిల్లులో రంగులు కలిపాడు. రంగు గుడ్డ మీద పారకుండా నిలవాలంటే అందులో ఒక జిగురు కలుపుతారు. బస్తాల్లో పొడిగా వచ్చేదట. అది ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. అది ఈ గోధుమరంగు పాచిలోంచి తీసేదే. ఆ మాట చెప్తే బాపు చాలాసేపు తన వేళ్లకేసి చూసుకున్నాడు. "అంటే గన్ని దినాలు సముద్రాన్నే కలిపిన్నా నేను?" అన్నాడు. ఆ సాయంత్రం నాకు మా బాపు మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. సాంచాల చప్పుడులో చెప్పినా వినపడేది కాదు.

సోమవారం కాదు, మంగళవారం దాకా పాచి ఆ జాలీ మీదే ఉంది. లోపలి తడి తొందరగా పోలేదు. ఆరినదాన్ని డబ్బాల్లోకి ఎత్తుకుని, ఆ కోరా గుడ్డ మడిచి ఇంట్లో మూలన పడేశాను.

ఆ తర్వాతి నెలలు నాకు ఇప్పటికీ సగం నిద్రలో గడిపినట్టే గుర్తున్నాయి. ల్యాబ్ కిటికీ పడమటివైపు. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు గాజు సామాన్ల మీదికి వాలేది. పాచిని పొడి చేసి, కొలిమిలో పెట్టి బూడిద చేసేదాన్ని. బియ్యాన్ని ఎంత కాల్చినా అంత బూడిద మిగలదు. సముద్రంలోని ఉప్పులన్నీ అందులో పడుకుని ఉంటాయి. ఈథర్‌లో మరిగించి కొవ్వు తీస్తే, రోజంతా ఎదురుచూశాక గిన్నె అడుగున ఆకుపచ్చ మరక మాత్రం మిగిలేది. అంత తక్కువ. పిండిపదార్థం కొలవడానికి ఆసిడ్ పోస్తే పరీక్షనాళికలో నారింజ రంగు నెమ్మదిగా పైకి పాకేది. అది చూస్తూ నేను టైము రాయడం మర్చిపోయేదాన్ని. ఎర్ర పాచిలో మాంసకృత్తులు ఎక్కువ తేలాయి. గోధుమరంగుదానిలో అయోడిన్ ఎక్కువ, ఊరికే తినేస్తే గొంతు దగ్గరి గ్రంథి పాడయ్యేంత. అన్నింట్లోనూ పీచు ఉంది, అది అరగదు కానీ పేగులకు మంచిది. ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటుంటే నాకు పెద్ద ఇల్లాలు ఎవరో తన వంటింటి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూపిస్తున్నట్టుండేది.

ఇనుము కొలిచే యంత్రం మా కాలేజీలో లేదు. బయటికి పంపించాం. ఫలితం వచ్చిన రోజు కాగితం తెరిచి, ఆకుపచ్చ పాచికి ఎదురుగా ఉన్న అంకెను వేలితో పట్టి మళ్లీ చదివాను. పుస్తకాల్లో ఉన్నదానికి ఎన్నో రెట్లు. పాలకూర, మునగాకు దాని దరిదాపుల్లో లేవు. నాకు వెంటనే గుర్తొచ్చింది ప్రాజెక్టు కాదు. అమ్మ, గోడ పట్టుకున్న ఆమె చెయ్యి.

మేడమ్ కాగితం చూసి కళ్లద్దాలు తీసింది.

"బేటా, ఇంత ఎక్కువ వచ్చిందంటే సంతోషించే ముందు అనుమానించాలి. మళ్లీ చెయ్యి."

"చేస్తాను మేడమ్," అన్నాను.

చెయ్యలేదు. అంటే వెంటనే చెయ్యలేదు. కొత్త పాచి తేవాలి, మళ్లీ ప్రయాణం, మిగతా పనులు ఉన్నాయి అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ అంకె నాకు కావాలి. అది నిజం కావాలి. దాన్ని కదిపి చూడడం నాకు ఇష్టం లేదు. ఇంత సూటిగా అప్పుడు ఒప్పుకుని ఉంటే బాగుండేది.

ఆ వారమే ఆకుపచ్చ పాచి పొడి ఒక డబ్బా ఇంటికి తెచ్చాను. ల్యాబ్ సరుకు నోట్లో పెట్టకూడదని మొదటి సంవత్సరంలోనే మాతో చేతులెత్తించి చెప్పించారు. అదీ పక్కన పెట్టాను. అమ్మ పల్లీలు, ఎండుమిర్చి, ఎల్లిపాయ వేసి కారం దంచుతుంటే అందులో నాలుగు చెంచాలు కలిపాను.

"గీ పాచిల ఇనుముందా?" అంది అమ్మ.

"మస్తుంది అమ్మా. గోళీల కంటే ఎక్కువుంది. కడుపుల తిప్పదు."

"నువ్వే జూసినవా?"

"నేనే చూసిన."

అంతే. నేను ఏ పరీక్ష రాసినా ఆమె అంత నమ్మకంగా నన్ను చూసింది లేదు. గోళీల డబ్బా తీసి దేవుడి అర వెనక్కి నెట్టేసింది.

చలికాలపు మధ్యాహ్నాలు. కాలేజీ లేని రోజున నేను, అమ్మ కింద కూర్చుని జొన్నరొట్టెలో పాచికారం అద్దుకుని తినేవాళ్లం. కారం మీద నూనె, నూనెలో ఆకుపచ్చ చుక్కలు. మొదట మిరప మంట, ఆ వెనక ఎల్లిపాయ, ఆఖరున ఎక్కడో దూరంగా చేపల మార్కెట్. అమ్మకు ఆ చివరి రుచి నచ్చింది. "నోరు మేల్కొంటది," అనేది. కింద కార్ఖానాల చప్పుడు నేలలోంచి మా కాళ్లకు తెలిసేది. కిటికీలోంచి పడే ఎండలో చీరల దారాలు ఎగురుతూ ఉండేవి. అమ్మ తిని, చీరల కట్ట మీదికి ఒరిగి, కాసేపు కళ్లు మూసుకునేది. నేను ఆమె గోళ్లు, కనురెప్పల లోపలి రంగు దొంగచాటుగా చూసేదాన్ని. నాకు అవి రోజురోజుకీ ఎర్రబడుతున్నట్టు కనిపించేవి.

"ఎట్లుందమ్మా?" అని అడిగేదాన్ని.

"జర నయముంది బిడ్డా."

రోజూ అదే జవాబు. నేను దాన్ని కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను, తేదీ వేసి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో మాత్రం మబ్బుల్లో నడిచాను. మా చుట్టుపక్కల వాడోద్‌లో, పాండేసరాలో, మా లాంటి ఇళ్లన్నింట్లో పాలిపోయిన ఆడవాళ్లందరూ నా పాచికారంతో మెట్లు గబగబా ఎక్కేస్తున్నట్టు పగటికలలు కన్నాను. డబ్బా మీద ఏ రంగు చీటీ అంటించాలో కూడా ఆలోచించాను. ఆకుపచ్చే.

ఎండలు ముదిరేముందు మేడమ్ మరోసారి సౌరాష్ట్రకి వెళ్లి, నాకోసం కొత్త పాచి తెచ్చింది. ఈసారి తప్పించుకునే దారి లేదు. మూడు సార్లు కడిగాను, గాజు పళ్లేల్లో పరిచి ల్యాబ్ ఓవెన్‌లో ఆరబెట్టాను, పంపించాను. ఫలితం వచ్చింది. అంకె పుస్తకాల్లో ఉన్నచోటికి చక్కగా దిగి కూర్చుంది. మంచి ఆకుకూరలో ఉండేదానికి కాస్త అటూ ఇటూ. అది తక్కువేమీ కాదు, కానీ చెంచాడు కారంలో కలిపితే ఏ రక్తాన్నీ ఏడు నుంచి పదికి లేపేంత కాదు.

"మొదటి పాచిని ఎక్కడ ఆరబెట్టావు?" మేడమ్ అడిగింది.

"ఇంటి దగ్గర. నీడలో."

"దేని మీద?"

"గుడ్డ మీద," అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు ఆ పాత కోరా గుడ్డను మూలలోంచి తీసి, సైకిల్ తుడుచుకోవడానికి చింపబోతున్నాడు. చింపకుండా ఆగి, గుడ్డను వెలుగుకి పట్టి చూశాడు. థాను మీద, అంటే నేసిన గుడ్డ చుట్ట మీద, మచ్చ ఉంటే సేఠ్ కంటే ముందు పట్టేసే కళ్లు ఆయనవి. ముప్పై ఏళ్లుగా అదే పని.

"గీ గుడ్డకు జంగు పట్టింది సూడు," అన్నాడు. "జాలీ మీద పరిచిన గుడ్డేనా గిది? ఉప్పు తడి తగిలి ఇనుమంతా గుడ్డలకు దిగింది."

గుడ్డ నిండా చతురస్రాలు. జాలీ తీగల అచ్చు, తుప్పురంగులో, ఒక్కొక్కటీ స్పష్టంగా. కొన్నిచోట్ల మరక గుడ్డను దాటి పైకి వచ్చింది. మూడు రోజులు ఉప్పుతడి పాచి దానిమీద పడుకుంది. వడియాలు సాయంత్రానికల్లా ఎండిపోతాయి కాబట్టి ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. తుప్పు అనే మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. జంగు మచ్చ పడితే థాను వాపసు వస్తుంది, ఇంట్లో ఆ రోజు ఎవరూ నవ్వరు. మా ఇంట్లో పుట్టిన పిల్లకి, అదీ కెమిస్ట్రీ చదివిన పిల్లకి, ఇనుము మీద ఉప్పునీళ్లు పడితే ఏమవుతుందో తట్టలేదు. నేను కొలిచింది సముద్రాన్ని కాదు, మా కార్ఖానా జాలీని.

నేను మా అమ్మకి రెండు నెలలుగా తుప్పు పెడుతున్నాను. అందులో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది దాదాపు ఏమీ ఉండదు.

అమ్మ వంటింట్లో ఉంది. మర్నాడు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. ఆమె మంచి చీర తీసి పెట్టుకుంది. రేపు రిపోర్టు చూశాక చెప్దాం, ఒకవేళ పెరిగి ఉంటే చెప్పనక్కర్లేదు కదా అనుకున్నాను. ఇంతకంటే పిరికి ఆలోచన నా జీవితంలో ఇంకొకటి లేదు.

పొద్దున రక్తం తీశారు. గంట కూర్చోబెట్టారు. రిపోర్టు చేతికొచ్చాక డాక్టరమ్మ దాన్ని చూసి, అమ్మను చూసి, మళ్లీ దాన్ని చూసింది. ఏడు కూడా లేదు. ఏడు కంటే కిందికి దిగింది.

"గోళీలు మింగుతున్నావా?" అని హిందీలో అడిగింది.

అమ్మ నిటారుగా కూర్చుంది. తలమీది కొంగు సర్దుకుంది. "గోళీ బంద్," అంది తన వచ్చీరాని హిందీలో. "మేరీ బేటీ నే దవాయీ బనాయీ. సముందర్ కా. కాలేజీ మే పఢ్తీ హై." నా బిడ్డ సముద్రంతో మందు చేసింది, కాలేజీలో చదువుతోంది అని.

డాక్టరమ్మ నాకేసి చూసింది. అమ్మ కూడా నాకేసే చూసింది, చెప్పు బిడ్డా అన్నట్టు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. గోడ మీద గర్భసంచి బొమ్మ, దాని చుట్టూ గులాబీరంగు. నేను తెలుగులో, అమ్మకు మాత్రమే చెప్పాను.

"అమ్మా, నా లెక్క తప్పయ్యింది. పాచిల అంత ఇనుము లేదు. అది కార్ఖానా జాలీ తుప్పు. నిన్ననే తెలిసింది. మేడమ్ మళ్లీ చెయ్యమన్నది, నేను చెయ్యకుండనే నీకు పెట్టిన."

అమ్మ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూసింది. తల ఎత్తకుండానే అంది.

"నాకెరుకే."

"ఏమెరుక?"

"నయమైతలేదని. మెట్లెక్కుతుంటే కండ్లకు చీకట్లొస్తుండె. మొన్న చీరల మీదనే పడిపోయిన, మీ బాపుకు సుత చెప్పలే."

"మరి రోజూ నయముందన్నవెందుకు?"

"నయం గాలేదంటే మళ్ల గోళీలు మింగమంటవ్. గోళీలు మింగితే రక్తం పెరుగుతది. పెరిగితే కోస్తరు." ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "నాకు కోతంటే భయం బిడ్డా. మా అమ్మ గట్లనే లోపలికి పోయింది, మళ్ల రాలే. నీ పాచి తింటుంటే ఇంకొన్ని దినాలు ఆగొచ్చనుకున్న."

అమ్మమ్మ జ్వరంతో పోయిందని నేను విన్నాను. అదే అందరూ చెప్పేవారు. మా అమ్మ నోట భయం అనే మాట నేను అదే మొదటిసారి వినడం. పాచిలో బూడిద ఎంత, కొవ్వు ఎంత, పీచు ఎంత అని ఆరు నెలలు కొలిచాను. ఎదురుగా కూర్చుని రొట్టె తింటున్న మనిషిని భయంగా ఉందా అని ఒక్కసారి అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. డాక్టరమ్మకి తెలుగు రాదు కానీ, ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసింది, బయట వరసలో ఉన్నవాళ్లు చూడకుండా.

ఆ తర్వాత నేను హిందీలో అంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది. బాగా తిట్టింది, తిట్టాల్సినంతా. చివరికి కుర్చీ అమ్మ పక్కకి జరుపుకుని, గోళీలు పడకపోతే ఇనుమును సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించొచ్చు, కడుపుతో పని లేదు అంది. ఆపరేషన్‌లో ఏం చేస్తారో కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసి, గోడ మీది బొమ్మతో పోల్చుకుని, "నా బిడ్డ లోపలుంటే ఎక్కించుకుంట" అంది.

థీసిస్‌లో మొదటి పాచి ఫలితాలు కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో ఒక పేరా రాశాను, జాలీ సంగతి, గుడ్డ సంగతి దాచకుండా. మేడమ్ ఆ పేరా రెండుసార్లు చదివి చాయ్ తెప్పించింది. వేసవి గడిచేలోగా అమ్మ రక్తం పది దాటింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూడో అంతస్తుకి ఎక్కడా ఆగకుండా ఎక్కుతుంది. అయినా నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆపరేషన్ రోజు కాదు. మొదటి సీసా ఎక్కించిన రోజు.

చిన్న గది, రెండు మంచాలు, ఒకటి ఖాళీ. కిటికీకి ఆకుపచ్చ పరదా. మధ్యాహ్నపు ఎండ దానిలోంచి దిగి గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంది. సీసాలోని మందు ముదురు గోధుమరంగులో ఉంది. ఒక్కో చుక్కా గొట్టంలో జారి, అమ్మ ముంజేతిలోకి పోతోంది. అమ్మ చుక్కలకేసి చూస్తోంది. నేను ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"గిండ్ల ఏమున్నది?" అంది.

"ఇనుమే అమ్మా."

"ఎవరు జూసిన్రు?"

నేను లేచి సీసా మీది చీటీ చదివాను. డాక్టరమ్మ రాసిన చీటీతో సరిచూశాను.

"నేను చూసిన. సరిగ్గనే ఉంది. రెండుసార్లు చూసిన."

అమ్మ కళ్లు మూసుకుంది. పెదవి చివర సన్నగా నవ్విందో, నొప్పికి బిగించిందో నాకు తెలియలేదు.

"ఇంకోసారి సూడు," అంది.

మళ్లీ లేచాను. ఈసారి పైకే చదివాను, ఒక్కో అక్షరం విడివిడిగా, ఆమెకు వినపడేలా.